బెల్టు నేర్పిన పాఠం

దెబ్బ మా తమ్ముడు రిచర్డ్ చెవి మీద పడింది. బెల్టు బకిల్ తగిలి చెవి కొన చీలింది. రక్తం మెడ మీదుగా బనీనులోకి కారింది. మా నాన్న తీతు మళ్ళీ చెయ్యెత్తి అదే ప్రశ్న అడిగాడు.

“గనిల కప్పు కొట్టి చూస్తే డబడబ మోగింది. నువ్వు సర్దార్‌వి. ఏం చేస్తవ్?”

పైకప్పు అలా బోలుగా మోగితే కూలబోతోందని అర్థం. తెల్లవారితే రిచర్డ్‌కు బొగ్గు గని సర్దార్ మౌఖిక పరీక్ష. అది గట్టెక్కితే లోపల పనిచేసేవాళ్ళ ప్రాణాలకు వాడే పూచీ. పోయినసారి పరీక్ష పెట్టే సార్ల ముందు నోరు పెగలక తిరిగొచ్చాడు. జవాబు రాక కాదు. మధ్యాహ్నం వంటింట్లో నాకు పొల్లుపోకుండా అప్పజెప్పాడు. నాన్న డ్యూటీ దిగి వచ్చి, గని లైటు కట్టుకునే ఆ మందపాటి తోలు బెల్టు విప్పితే చాలు, వాడి ముఖం సున్నం కొట్టిన గోడైపోతుంది.

నేను నర్సును. నాన్నకు ఎన్నోసార్లు చెప్పి చూశాను. భయపడితే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పొంగుతుందనీ, చదివినదాన్ని మెదడు వెతికి తెచ్చుకోనివ్వదనీ, దెబ్బ గుర్తుండిపోతుంది గానీ పాఠం ఉండదనీ చెప్పాను. గోడకు చెప్పినా నయం.

“నీ దవాఖాన ముచ్చట్లు గనిల పనికిరావు గ్లోరియా,” అన్నాడు.

తనకు పాత సర్దార్ ఇనుప కడ్డీతో నేర్పాడట. ముప్పై ఏళ్ళయినా మరవలేదట. కూలిన కప్పు కింద నలిగిన తోటి కార్మికుడు పోశం కాకను చేతులతో తవ్వి తీసింది తనేనట. ఆ మాట చెప్పేటప్పుడు నాన్న గొంతు వణుకుతుంది. వణికిన ప్రతిసారీ దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది. నాకు ఆయన మీద జాలీ కలిగేది, చంపేయాలనీ అనిపించేది.

రిచర్డ్ నేల మీద పడ్డాడు. నాన్న డొక్కలో తన్నాడు.

అప్పుడు వంటింట్లోంచి మా అమ్మ యేసమ్మ వచ్చింది. ప్రార్థనకు తప్ప నోరెత్తని మనిషి. నాన్న చేతిలోని బెల్టు గుంజుకుని ఆయన ముఖం మీదే కొట్టింది. నాన్న తూలి బీరువాకు గుద్దుకున్నాడు. నిలదొక్కుకోబోతే భుజం మీద, మెడ మీద కొట్టింది. ఆయన పెదవి పగిలింది.

“కప్పు డబడబ మోగింది. ఏం చేస్తవ్? జల్ది చెప్పు,” అంది.

ఆ కప్పుల కిందే ముప్పై ఏళ్ళు ఆసరాగా టింబర్ దుంగలు నిలబెట్టినవాడు నోరు తెరిచాడు. మాట రాలేదు. అమ్మ మళ్ళీ చెయ్యెత్తేసరికి రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నాడు.

“ఆగు. నాకు ఎరుకే. ఆగు.”

“వాడు గూడ గిదే అంటడు,” అంది అమ్మ. బెల్టు తీసుకెళ్ళి పెరట్లో మండుతున్న బొగ్గుల పొయ్యిలో పడేసింది. తోలు కమురు వాసన మా క్వార్టరంతా నిండింది.

మరునాడు వాచిన పెదవితోనే నాన్న మమ్మల్ని ఆటోలో పరీక్షకు తీసుకెళ్ళాడు. దారిలో ఒక్క ప్రశ్నా వేయలేదు. రిచర్డ్ లోపలికి వెళ్ళిన కాసేపటికే బయటికి వచ్చాడు. చెవికి నేను వేసిన కట్టు చెమటకు తడిసి ఊడిపోయింది.

నాన్న మెల్లగా అడిగాడు. “ఏమడిగిన్రు కొడుకా?”

“యాదికి లేదు బాపు. సారు గనిలకెల్లి సీదా వచ్చిండు. కూసోంగనే బెల్టు విప్పి బల్ల మీద పెట్టిండు.”

నాన్న తనలో తానే గొణగడం మొదలుపెట్టాడు. మనుషులను వెనక్కి పంపాలె, దారికి అడ్డం కట్టాలె, టింబర్ పెట్టినంకనే లోపలికి పోవాలె. ఇప్పుడు ఒక్క మాట తప్పకుండా అన్నీ గుర్తొచ్చాయి. రిచర్డ్ ఆయనకు అందనంత దూరంలో నిలబడి, ఆయన చేతులనే చూస్తున్నాడు.