వెడల్పు చక్రాల జీపు

కొత్త చక్రాలు వచ్చిన రోజున మామగారు తన మెకానిక్ షెడ్డులో అందరికీ టీలు తెప్పించారు. అందరూ అంటే ఆయనా, అల్లుడూ, టీ సమయానికి ఎక్కణ్ణుంచో ఊడిపడ్డ పక్కవాటా దర్జీ. అట్టలు చించి, ఐదు చక్రాల్నీ గోడకి ఆనించి, మనవణ్ణి తొలిసారి చూసుకుంటున్న తాతలా వాటి వంక చూస్తూ ఉండిపోయారు మామగారు. రిమ్ములు నల్లగా నిగనిగలాడుతున్నాయి. టైర్లు పాతవాటికి ఒకటిన్నర రెట్లు వెడల్పున్నాయి.

“ఎలా ఉన్నాయి అల్లుడూ?”

“బాగున్నాయి మావయ్యా. మన జీపుకి పెద్దవేమోనని...”

“నువ్వేగా అన్నావు, పాత జీపుకి వెడల్పు చక్రాలుంటే ఆ దర్జానే వేరని!”

అన్నాడు. ఎప్పుడో రోడ్డు మీద ఎవరిదో బండి పోతుంటే మాటవరసకి అన్నాడు. మామగారి దగ్గర మాటవరసకి ఏదీ అనకూడదని అప్పటికే తెలిసి ఉండాల్సింది. ఒకసారి గళ్ల చొక్కా బాగుందన్నందుకు, అప్పట్నుంచీ ఇద్దరికీ ఒకే తానులోంచి గళ్ల చొక్కాలు కుట్టిస్తున్నారాయన. ఇద్దరూ కలిసి వీధిలోకి వస్తే “బ్యాండువాళ్లు వస్తున్నారు, తప్పుకోండి” అంటాడు దర్జీ, కుట్టింది తనే అయినా.

పెళ్లయిన కొత్తలో అతను పనిచేసే బస్సుల కంపెనీ మూతబడింది. వేరే పని దొరికేదాకా ఒక్క నెల ఉందామని భార్యతో ఆ ఇంటికి వచ్చాడు. ఆ నెల ఇంకా అవలేదు. మామగారు అతన్ని పల్లెత్తు మాట అన్న పాపాన పోలేదు. అదే వచ్చిన చిక్కు. తిట్టిపోసే మామ అయితే ఏనాడో పెట్టె సర్దుకునేవాడు. ఈయన షెడ్డు బోర్డు మీద తన పేరు చెరిపించి “మామా అల్లుళ్ల షెడ్డు” అని రాయించారు. భోజనాల దగ్గర అల్లుడి కంచంలోకి చూశాకే తన కంచంలోకి చూసుకుంటారు. పొద్దున్నే ఆయన కేకకి లేవాలి, ఆయన వెనకే షెడ్డుకి నడవాలి, ఆయన చాలన్నాకే చేతులు కడుక్కోవాలి. ఒక్కోసారి అతనికి ఊపిరాడనట్టు ఉండేది. ఏమైందని ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక్క తప్పు కూడా దొరికేది కాదు.

ఇంతలో దూరాన ఒక గనుల కంపెనీ వర్క్‌షాపులో అతనికి ఉద్యోగం వచ్చింది. ఉండటానికి క్వార్టర్సు కూడా ఇస్తారు. భార్యకి తెలుసు, ఆమెకి ఇష్టమే. మామగారికి చెప్పడమే మిగిలింది. ఇవాళ చెప్పేస్తానని భార్యకి మాటిచ్చి షెడ్డుకి వచ్చిన రోజే చక్రాలు దిగాయి. ఇక నోరెలా పెగులుతుంది?

పని మొదలుపెట్టారు. జీపు మామగారు వయసులో ఉన్నప్పుడు కొన్నది. నాలుగు చక్రాలూ లాగే బండి, ఇంజను ఇప్పటికీ పిలిస్తే పలుకుతుంది. మొదటి చక్రం బిగించి స్టీరింగ్ తిప్పి చూస్తే, టైరు లోపలి అంచు కమాను పట్టీలకి రాసుకుంది. అతను కొలతలు తీసి, హబ్బుకీ రిమ్ముకీ మధ్య దిమ్మలాంటి స్పేసర్లు వేసి చక్రాల్ని బయటికి జరిపాడు. అప్పుడు టైరు మడ్‌గార్డు అంచుకి తగిలింది. ఆ అంచు కోసి, సుత్తితో మడిచాడు. చివరికి చక్రం ఎటు తిప్పినా ఎక్కడా రాసుకోకుండా తిరిగింది. కాకపోతే రెండు పక్కలా చక్రాలు బెత్తెడు చొప్పున బండి బయటికి పొడుచుకొచ్చాయి.

ఐదో చక్రం వెనక తలుపుకి తగిలించాలి. తలుపు బందులు ఆ బరువు మోయలేవు.

“తలుపుకి అడ్డంగా ఇనప పట్టీ వేసి బాడీకి వెల్డింగ్ కొట్టెయ్. వెనకనుంచి ఎవడెక్కుతాడు?” అన్నారు మామగారు.

కొట్టేశాడు.

జీపు తయారయ్యాక మధ్యాహ్నం మామగారు స్టీరింగ్ ముందు కూర్చుని, అల్లుణ్ణి పక్క సీట్లోకి పిలిచారు. షెడ్డు నుంచి మెయిన్‌రోడ్డుకి ఒకటే సందు. ఒక పక్క గోడౌను గోడ, రెండో పక్క ఇళ్ల వెనక గోడలు. సందు మధ్యలో గోడౌను మూల కాస్త ముందుకి పొడుచుకు వస్తుంది. బళ్లు తగిలి ఆ మూల చెక్కుకుపోకుండా ఎప్పుడో ఎవరో మోకాలెత్తు రాయి ఒకటి పాతారు.

“మావయ్యా, రాయి దగ్గర పడుతుందంటారా? ఒకసారి దిగి చూస్తాను.”

“ఈ సందులో నేను కళ్లు మూసుకుని తోలతా.”

ఆ మాట నిజమే. పాత చక్రాలతో అయితే నిజమే. అతను బండిని అంగుళం అంగుళం కొలిచాడు గానీ సందుని కొలవలేదు.

రాయి ఇటువైపు ఏటవాలుగా అరిగి ఉంది. కుడి ముందు చక్రం దాని మీదికి ఎక్కింది. జీపు ఎడమకి ఒరిగి, గోడని గీసుకుంటూ పోయి, దబ్బున అవతలికి దిగింది. మామగారు బ్రేకు తొక్కారు. వెనక్కి వేస్తే ముందు చక్రం రాయికి ఆనుకుని ఆగిపోయింది. అటువైపు రాయి నిట్టనిలువుగా ఉంది. ముందుకి వేస్తే వెనక చక్రం రాయి ఎక్కబోయింది, జీపు ఎడమకి వాలి టాపు అంచు గోడకి నొక్కుకుంది, రేకు కిర్రుమంది. ఆయన కాలు తీసేశారు. నాలుగు చక్రాల గేరు వేసి చూశారు. కాలిన రబ్బరు వాసన తప్ప ఏమీ రాలేదు. రాయి సరిగ్గా రెండు చక్రాల మధ్య కూర్చుంది.

ఇంజను ఆపాక ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోయింది. అల్లుడు తలుపు తీయబోయాడు. అరచెయ్యి పట్టేంత తెరుచుకుని గోడకి కొట్టుకుంది. మామగారి వైపు అదీ లేదు. కిటికీ అద్దాలు పక్కకి జరిపేవి, సగమే తెరుచుకుంటాయి. వెనక తలుపు సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ అటు చూడలేదు.

టాపు మీద ఎండ మండుతోంది. ఇంజను వేడి కాళ్లకి తగులుతోంది. మామగారి భుజం అతని భుజానికి ఆనుకుని ఉంది, రెండు గళ్ల చొక్కాలూ చెమటకి తడిసి అంటుకుపోతున్నాయి. కిటికీకి జానెడు దూరంలో పెచ్చులూడిన గోడ. ఎటు చూసినా గోడే. అతనికి లేచి నిలబడాలనిపించింది, తల టాపుకి తగిలింది. మళ్లీ కూర్చున్నాడు.

“కంగారుపడకు. నేనున్నాగా,” అన్నారు మామగారు.

ఆ మాట వింటే ఇంకా ఉక్కిరిబిక్కిరి అయింది అతనికి.

వెనకనుంచి దర్జీ గొంతు వినిపించింది. మనిషి కనబడడు, ఐదో చక్రం అడ్డం. “ఏం పెద్దాయనా, సందుకి తలుపు పెట్టించారా? ఇప్పుడు మేమంతా ఎటు పోవాలి?”

“నోర్మూసుకుని రాయి కొట్టే మనిషెవరైనా దొరుకుతాడేమో చూడు,” అని అరిచారు మామగారు.

“ఆయన్ని సాయంత్రం దాకా అందులోనే ఉండనీ బాబూ. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది,” అంది, అరుపులు విని వచ్చిన అత్తగారి గొంతు. దర్జీ నవ్వుకుంటూ, రాయి కొట్టేవాడి కోసం గోడ దూకి వెళ్లాడు.

అల్లుడు భార్యకి ఫోన్ చేశాడు. ఆమె మెయిన్‌రోడ్డు మీద కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. కాసేపటికి సందు అవతలి కొసనుంచి గబగబా నడిచొచ్చి జీపుకి ఎదురుగా నిలబడింది. అద్దంలోంచి ఇద్దర్నీ చూసి నవ్వాపుకోలేకపోయింది. తర్వాత భర్త మొహం పరీక్షగా చూసింది. ఇద్దరూ ఒకేచోట ఇరుక్కున్నారు, ఇంతసేపట్లో చెప్పేసే ఉంటాడనుకుందో ఏమో, బానెట్ మీదికి వంగి గట్టిగా అడిగింది.

“చెప్పేశారా నాన్నకి?”

అతను కళ్లతో వారించాడు. అప్పటికే ఆలస్యమైంది.

“ఏంటమ్మా చెప్పేది?” అన్నారు మామగారు. ఆమె నాలిక్కరుచుకుంది. ఆయన అల్లుడి వైపు తిరగాలని చూశారు. పొట్టకి స్టీరింగ్ అడ్డం వచ్చి తల మాత్రమే తిప్పగలిగారు.

పారిపోవడానికి చోటు లేదు. షెడ్డులో అయితే పానా తెస్తానని లేచేవాడు. ఇంట్లో అయితే మంచినీళ్లకని వెళ్లేవాడు.

“నాకు ఉద్యోగం వచ్చింది మావయ్యా. గనుల కంపెనీలో. మేం వెళ్దామనుకుంటున్నాం.”

మామగారు మొహం గోడ వైపు తిప్పుకున్నారు.

“తెలుసు,” అన్నారు.

“తెలుసా?”

“అక్కడి మేనేజరు నాకే ఫోన్ చేశాడు. మీ దగ్గర పనిచేస్తాడట కదా, మనిషెలాంటివాడని.”

“మీరేం చెప్పారు?”

“పనికిమాలినవాడని చెబుదామనుకున్నా. అలా చెప్తే నిన్ను వదిలేసేవాళ్లు. నోరు రాలేదు. బంగారం లాంటివాడన్నా.” ఆయన గొంతు సవరించుకున్నారు. “ఫోన్ పెట్టేసి నేరుగా వెళ్లి ఈ చక్రాలకి ఆర్డరిచ్చా. జీపు నీ చేతిలో పెడదామనుకున్నా. ఇది నీదే అంటే... ఉంటావేమోనని.”

అల్లుడికి కోపం వచ్చింది, జాలి వచ్చింది. ఇప్పుడు ఉండనంటే కృతఘ్నుడు. ఉంటానంటే జన్మలో బయటపడడు. పక్కన ఆయన ఊపిరి వినిపిస్తోంది. ఆయన ఊపిరి వదిలితే ఆ గాలే తను పీల్చుకుంటున్నట్టుంది.

“నాకిక్కడ లోటని కాదు మావయ్యా,” అన్నాడు చివరికి. “అన్నీ మీరే చేస్తారు. నేనేది చేసినా మీ చెయ్యి కిందే చేస్తాను. నాకూ ఒక చోట... తప్పో ఒప్పో నేనే చేసి చూడాలనుంది.”

“నా మీద కోపమా?”

“కాదు.”

“కోపమైతే బావుండేది. ఏదో ఒకటి సరిచేసుకునేవాణ్ణి.”

వేడి పెరిగింది. అతను కళ్లు బైర్లు కమ్మి డాష్‌బోర్డు మీదికి వాలిపోయాడు. మామగారు అది గమనించారు. సీటు కింద తడిమి స్క్రూడ్రైవర్ తీసి అతని చేతిలో పెట్టారు.

“ముందద్దం రబ్బరు లోపల్నుంచి వలిచెయ్. దాంట్లోంచి దూకు.”

“ఈ అద్దం ఇప్పుడెక్కడా దొరకదు మావయ్యా. మీరే అనేవారు.”

“పగిలితే పగిలింది. నువ్వు దిగు ముందు.”

అతను రబ్బరు బీడింగు మెల్లగా వలుచుకుంటూ వచ్చాడు. బయట భార్య చేతులు చాపి నిలబడింది. అద్దం ఊడి ఆమె చేతుల్లోకి జారింది, పగలలేదు. గాలి లోపలికి కొట్టింది. అతను డాష్‌బోర్డు మీదికెక్కి, పొట్ట మీద పాకుతూ బానెట్ మీదికి జారి, నేల మీద నిలబడి ఊపిరి పీల్చుకున్నాడు. మోచెయ్యి గీసుకుపోయింది.

“రండి మావయ్యా, చెయ్యివ్వండి.”

మామగారు తన పొట్ట చూసుకుని, ఆ ఖాళీ చూసుకుని, తల అడ్డంగా ఊపారు. “నేను పట్టనులే. రాయి తీశాకే వస్తా.”

దర్జీ తెచ్చిన మనిషి సమ్మెటతో రాయి కొట్టడానికి సాయంత్రం దాకా పట్టింది. అంతసేపూ మామగారు ఒక్కరే లోపల కూర్చున్నారు. కూతురు టీ తెచ్చి అద్దం లేని ఖాళీలోంచి అందించింది. అల్లుడు గోడకి ఆనుకుని ఎదురుగా నిలబడ్డాడు. వెళ్లిపోవచ్చు, ఎవరూ ఆపడం లేదు. అయినా అక్కణ్ణుంచి కదల్లేకపోయాడు. రాయి విరిగిపడ్డాక మామగారు జీపుని వెనక్కి తోలుకుని షెడ్డులో పెట్టి, పెందరాళే పడుకున్నారు.

ప్రయాణానికి ముందురోజు పొద్దున అల్లుడు షెడ్డుకి వెళ్లేసరికి, మామగారు జాకీ ఎత్తి వెడల్పు చక్రాల్ని ఒక్కొక్కటీ విప్పుతున్నారు. అతను పానా అందుకోబోతే చెయ్యి తప్పించారు.

“నువ్వు కూర్చో.”

ఆ షెడ్డులో చెయ్యడానికి పని లేకుండా కూర్చోవడం అతనికదే మొదటిసారి. నట్లు బిగిసిపోయి ఉండటంతో మామగారికి ఆయాసం వస్తోంది. లేచి సాయం చెయ్యాలని రెండు మూడుసార్లు అనిపించింది. లేవలేదు. ఒకచోట ఆయన పానా మీద కాలేసి నిలబడి, చెమట తుడుచుకుని అడిగారు.

“అక్కడ నీ పైవాడు మంచివాడేనా?”

“తెలీదు మావయ్యా. ఇంకా చూడలేదు.”

“ఊఁ,” అన్నారు. నట్టు కిర్రుమని వదులైంది. “తేడాగా ఉంటే ఊరుకోకు. మొహం మీదే చెప్పు. నాతో ఉన్నట్టు నోరు మూసుకుని ఉండకు.”

“అలాగే.”

మామగారు వంగి ఆ నట్టు తీసి డబ్బాలో వేసి, తర్వాతి నట్టుకి పానా తగిలించారు.