ఎలుకల దాకా కూడా రాని మందు

గురుమూర్తి ఆళ్లగడ్డలో శనగల వ్యాపారి. మార్కెట్ పని మీద నంద్యాలకు వచ్చిపోవడం ఆయనకు మామూలే. కానీ మేనకోడలు శ్రీవాణి పరిశోధన చేసే ఫార్మసీ కాలేజీ మెట్లెక్కడం మాత్రం అదే మొదలు. వచ్చీ రాగానే చేతిసంచిలోంచి చిన్న స్టీలు డబ్బీ తీసి ఆమె బల్ల మీద పెట్టాడు.

"దీంట్లో పొయ్యి పాపా. తొందరగా పోవాల. ఈడికొస్తాండానని మీ అత్తకు కూడా చెప్పలే."

"ఏం పోయాల మామా?"

"నీ పొడి. పేపర్లో పడింది గదా."

నెల కిందట ఒక పత్రిక జిల్లా పేజీలో వాళ్ల ప్రయోగశాల గురించి నాలుగు ముక్కలు వేసింది. 'క్షయకు నంద్యాలలో కొత్త మందు' అని పెద్దక్షరాల్లో శీర్షిక. ఇంకా తేలని మందును అలా వేశారని ఆమె ప్రొఫెసర్ నొచ్చుకున్నాడు. శ్రీవాణి మాత్రం దాన్ని ఫొటో తీసి చుట్టాలందరికీ పంపింది.

"నీకెందుకు మామా అది?"

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "నాకే. టీబీ. ఎండకాలంలో బయటపడింది. అంగడికొచ్చేవాళ్లకు తెలిస్తే గడప తొక్కుతారా? అందుకే మీ అత్తకు తప్ప ఎవురికీ చెప్పలే. ఆ మాత్రలు మింగితే ఒకటే వాంతి. అన్నం చూస్తేనే కడుపులో తిప్పుతాండె. నువ్వు పంపింది చూసినంక మానేసినా. మనింటి పిల్లే మందు చేసిందంటే ఇంక అవెందుకు?"

"అప్పట్నుంచీ ఒక్క మాత్ర కూడా మింగలేదా?"

"లేదు."

మధ్యలో ఆపితే ఏమవుతుందో శ్రీవాణికి తెలుసు. కసురుకోబోయి ఆగింది. ఆ ఫొటో పంపింది తనే.

ఆయన్ను లోపలికి తీసుకెళ్లి, ఇటుక రంగు పొడి ఉన్న గాజు సీసా చూపించింది.

"ఇదే మామా. ఇనుమునూ ఒక యాసిడ్‌నూ కలిపి చేస్తాం. కంటికి పొడే గానీ, లోపలంతా తేనెపట్టు మాదిరి గదులే. ఆ గదుల్లో టీబీ మందు నింపుతాం. టీబీ పురుగు ఊపిరితిత్తుల్లో మన కాపలా కణాల్లోనే దూరి దాక్కుంటాది. ఆ కణాలు ఈ పొడిని మింగితే, గదులు విడిపోయి మందు ఆడ్నే బయటికొస్తాది. పురుగుండే తావుకే మందు పోతే, కొంచెం మందుతోనే పనైతాదని మా ఆశ."

"ఆశేంది? పనిచేస్తాందా, లేదా?"

"గాజు పళ్లెంలో పెంచిన కణాల్లో పనిచేసింది. ఇంకా ఎలుకలకు కూడా ఇయ్యలే. మనిషి మాట యాడిది?"

"అయితే నేనే ఎలుకనైతా. ఇయ్యి."

వేళాకోళమాడుతున్నాడనుకుని తలెత్తింది. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. బుగ్గలు లోపలికి పోయి, చొక్కా భుజాల మీద వేలాడుతోంది. చిటికెడిస్తే ఏమవుతుందన్న ఆలోచన ఆమెకూ రాకపోలేదు. ఇనుమే కదా, లోపలి మందూ ఆయనకు రాసిచ్చిందే కదా. కానీ ఆ పొడి మనిషి ఒంట్లోకి పోయి ఎక్కడ పేరుకుంటుందో, ఏం చేస్తుందో ఆమెకు తెలియదు. సీసాను అలమరలో పెట్టి తాళం వేసింది.

"ఇయ్యను మామా."

"మీ అమ్మ తోడబుట్టినోణ్ణి పాపా."

"అందుకే ఇయ్యను. పా, ఆస్పత్రికి పోదాం."

ఆటోలో ఆయన ఖాళీ డబ్బీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆస్పత్రిలో డాక్టర్ అరుణకుమారి అంతా విని, "మధ్యలో ఆపితే పురుగు మొండికేస్తుంది. ఇప్పుడీ మందులకు లొంగుతుందో లేదో చూడాలి" అని కఫం, రక్తం పరీక్షకు పంపింది. ఫలితం మర్నాటికి గాని రాదన్నారు. శ్రీవాణి ఆయన్ను తన గదికి తీసుకెళ్లి పెరుగన్నం కలిపి పెట్టింది.

"లేనిపోనిది నాకెందుకు పంపినావు?" అన్నాడు ముద్ద నోట్లో పెట్టుకోకుండానే.

"గొప్పకు పంపినా మామా. తప్పయింది."

మర్నాడు ఇద్దరూ డాక్టర్ గదిలో ఫలితం విన్నారు. పురుగు ఇంకా మందులకు లొంగుతోంది, కాలేయమూ బాగానే ఉంది. వాంతులకు వేరే మాత్ర రాసి, వైద్యం మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టారు. ఇంట్లో వాళ్లకూ పరీక్ష చేయించాలన్నారు.

శ్రీవాణి అక్కడినుంచే అత్త మహానందమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"దినామూ మింగినా, మింగినా అని నాతో చెప్తాండె గదే!" అవతల అత్త గొంతు ఆస్పత్రి వరండా అంతా వినపడింది. "రానీ ఇంటికి!"

ఆ రోజు నుంచి ఆయన మాత్ర మింగి నోరు తెరిచి చూపించేదాకా మహానందమ్మ ఎదుటినుంచి కదల్లేదు. ఆమెకు పరీక్షలో ఏమీ లేదని తేలింది. ఆయనకు వాంతులు తగ్గాయి, ఆకలి పుట్టింది. కోర్సు పూర్తయ్యేసరికి దగ్గూ పోయింది.

తర్వాత శ్రీవాణి ఆళ్లగడ్డ వెళ్లినప్పుడు ఆయన అంగట్లో శనగలు తూస్తున్నాడు. ముఖం నిండింది.

"నీ పొడి యాడిదాకా వచ్చింది?"

"ఎలుకలకిచ్చినాం మామా. వాటికి కడుపులో ప్లీహం వాచింది. పొడిని మార్చి మళ్లీ మొదట్నుంచి చేస్తాండాం."

తక్కెడ పట్టిన చెయ్యి ఆగింది. "ఆ పొద్దు నాకిచ్చింటే?"

"ఏమయ్యేదో తెలీదు మామా."

ఆయన తక్కెడ కింద పెట్టాడు. తర్వాత లోపలికి తిరిగి, "ఏమే, పాప వచ్చింది. అన్నం పెట్టు" అని కేకేశాడు.