పైకి పంపేది నేనే

నేను ఒక స్ట్రెచర్ని. నాలుగు చక్రాలున్నా చక్రవర్తిని కాను. పుట్టింది విశాఖలో, ఒక రేకుల షెడ్డులో. నన్ను అతికిన వెల్డరు "ఇది ఏనుగునైనా మోస్తుంది" అన్నాడు. ఏనుగు రాలేదు గాని అనకాపల్లి బెల్లం వర్తకులు వచ్చారు. నాకు తేడా తెలియలేదు. మోయడమే నా పని, మోసం తెలియదు. ఎవరైనా తోస్తే తప్ప నాకేమీ తోచదు.

మా ఆసుపత్రి కట్టినవాడి బుర్రకు దండం పెట్టాలి. ప్రాణం మీదికొచ్చినవాళ్లుండే ఐసీయూ కింద. జనం నోట్లో అది 'అయ్యో'సీయూ. గండం గడిచినా ఇంకా కనిపెట్టి ఉండాల్సినవాళ్ల గది దాని పైన. పైన ఉన్నదాని పేరు స్టెప్‌డౌన్! మామూలు వార్డు ఇంకా పైన. అంటే, మా దగ్గర బాగుపడినవాడు పైకి పోతాడు. ఈ మాట తెలుగు చెవికి ఎలా వినబడుతుందో కట్టినవాడికి తోచలేదు. వాణ్ణెవరూ తోసి ఉండరు.

గుండెపోటుతో వచ్చిన బెల్లం వర్తకుడు గవరయ్య తేరుకున్నాడు. అతని మంచం కోసం బయట అంబులెన్సులో ఇంకో ప్రాణం కాచుకుని ఉంది. గవరయ్యను నా మీదికి చేర్చి, సిస్టర్ ఎస్తేరు గుమ్మంలో ఉన్న అతని భార్య అచ్చియ్యమ్మకు నవ్వుతూ శుభవార్త చెప్పింది.

"అమ్మా, మీ ఆయన్ని పైకి పంపించేస్తున్నాం."

"ఓలమ్మో! పైకి అంపేత్తారా? మా మావ మీకేటి సేసినాడు?" అంటూ ఆవిడ నా కమ్మీ పట్టుకుంది. నన్ను తోసే పైడిరాజు ఎంత తోసినా నేను కదిలితేనా!

సిస్టర్ కంగారుపడింది. "అయ్యో, అది కాదమ్మా. స్టెప్‌డౌన్... అంటే కిందికి దించడమన్నమాట."

"దింపేత్తారా! తులసాకైనా తేలేదు, అప్పుడే దింపేత్తారా!"

పోయేవాణ్ణి మంచం మీంచి నేలమీదికి దింపే ఆచారం సిస్టరుకు ఆ క్షణాన గుర్తులేదు. పైకన్నా చావే, కిందికన్నా చావే. బాగుపడినవాడికి తెలుగులో దారే లేకుండా పోయింది.

గవరయ్య ఒక కన్ను తెరిచాడు. "ఓలే, పైకంటే మేడమీదికే! నీకు సెప్పకుండా సంతకే ఎల్లను, అంత దూరం ఎల్తానేటి?"

"నిజవేనా మావా?"

"అనుమానమైతే నువ్వూ రా. ఇద్దరం కలిసే పైకి పోదాం."

"నోర్ముయ్ మావా!" ఏడుపులోంచే నవ్వింది. కమ్మీ వదిలి ఊరుకుందా? పైడిరాజును పక్కకు నెట్టి తనే నన్ను తోసింది. మేం లిఫ్టు ఎక్కేలోపే అంబులెన్సులో మనిషి ఆ మంచం చేరాడు.

ఇంటికెళ్లేరోజు గవరయ్య నా కమ్మీ తట్టి, అలవాటుగా "ఎల్లొత్తాను" అన్నాడు. అచ్చియ్యమ్మ అతని నెత్తిమీద ఒక్కటిచ్చింది.

"మల్లీ ఇక్కడికొత్తావా? పోతానను! గట్టిగా అను!"

"పోతాను," అన్నాడు గవరయ్య. మొగుడు పోతానంటే పెళ్లాం అంతగా మురిసిపోవడం నేనెక్కడా చూడలేదు.

ఇప్పుడు నా ఉక్కు తుక్కయింది. గేటు దగ్గర పాతసామాన్ల బండి హారన్ కొడుతోంది. పైకీ కాదు, కిందికీ కాదు, బయటికట. అచ్చియ్యమ్మ నేర్పిన మర్యాద మరిచిపోతానా?

పోతాను.