మారయ్య కూతురు

వర్తూరులో మురుగు కాలువ తవ్వుతున్నవాళ్ళు వీధి మొదట్లో ఉన్న వీరగల్లు చుట్టూ మట్టి తీసేశారు. వీరమరణం పొందినవాళ్ళ గుర్తుగా పాతకాలంలో నిలబెట్టిన రాయి అది. ఇన్నాళ్ళూ సగానికి పైగా కూరుకుపోయి ఉన్నది ఆ రోజు అడుగు దాకా బయటపడింది. అక్కడి హైస్కూల్లో చరిత్ర చెప్పే మునిలక్ష్మి బడి వదిలాక బస్సు కోసం పోతూ చూసి ఆగిపోయింది. పక్క టీ కొట్టులో చెంబుడు నీళ్ళు అడిగి తెచ్చి, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గుంటలోకి దిగి, రాయి కడిగి, కొత్తగా కనిపించిన వరసలు చదివింది. నమ్మలేక మళ్ళీ చదివింది. ఒళ్ళు పులకరించింది. అంతలోనే ఓబళప్ప మేష్ట్రు గుర్తొచ్చి, చెంబు పట్టుకుని గుంటలోనే నిలబడిపోయింది.

ఆ రాయికి పేరు తెచ్చింది ఆయనే. పైకి కనిపించే పాత కన్నడ వరసల్లో ఏలే రాజు పేరు, సంవత్సరం, చివర 'మారయ్య' అనే మాట ఉన్నాయి. ఆనవాలు తెలియకుండా అరిగిపోయిన బొమ్మలో ఎత్తిన చెయ్యి, చేతిలో ఆయుధంలాంటిదేదో ఉంది. చుట్టుపక్కల అలాంటి రాళ్ళు చాలామటుకు పశువుల మందల కోసం పోరాడి పోయినవాళ్ళవే గనక, ఇదీ దొంగలతో పోరాడి చచ్చిన మారయ్యదే అని ఆయన పుస్తకంలో రాశాడు. తర్వాతి పండితులంతా అదే రాశారు. బడిపిల్లలకు అదే పాఠమైంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఆ రాయి పెకలించకుండా ఆయన వీధివాళ్ళను వెంటేసుకుని అడ్డం కూర్చున్నాడు. వీధికి మారయ్య పేరు పెట్టారు.

అంతకంటే పెద్ద పని ఇంకొకటి చేశాడు. ఆదివారం వచ్చిందంటే బకెట్టు, బ్రష్షు, మైదాపిండి పట్టుకుని సిటీ బస్సెక్కేవాడు. వెంట ఎవరొచ్చినా సరే, రాయి కడిగించి, అక్షరాలు తెల్లగా తేలేట్టు పిండి రుద్దించి చదివించేవాడు. తను చెప్పింది నమ్మవద్దని, కళ్ళతో చూసి చదవమని పోరేవాడు. పేటలో మగ్గం నేసే ఇంట పుట్టిన మునిలక్ష్మి ఆ ఆదివారాల వల్లే చరిత్ర చదివింది.

ఇప్పుడాయనకు ఎనభై నిండుతున్నాయని వీధివాళ్ళు ఆ ఆదివారమే సన్మానం పెట్టుకున్నారు. పిల్లలు 'వీర మారయ్య' నాటకం నేర్చుకుని అట్టకత్తులు కూడా చేసుకున్నారు.

సన్మానం అయ్యాక చెబుదామని మునిలక్ష్మి అనుకుంది గానీ మనసు ఊరుకోలేదు. శుక్రవారం సాయంత్రం చామరాజపేటలో ఆయనింటికి వెళ్ళింది. ఆయన భార్య నంజమ్మ కాఫీ ఇచ్చింది. వానల గురించీ ట్రాఫిక్ గురించీ మాట్లాడి మాట్లాడి, చివరికి మునిలక్ష్మి కాలువ తవ్వకం సంగతి బయటపెట్టింది.

"మారయ్య తర్వాత ఏముండాది?" అన్నాడాయన.

"కింది వరస మొదట్లో 'న' ఉండాది మేష్ట్రే. 'మారయ్యన మగళు' అని. మారయ్య కూతురు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆయన భుజాలు అదరడం చూసి, ఏడుస్తున్నాడేమోనని మునిలక్ష్మి భయపడింది. ఆయన నవ్వుతున్నాడు.

"ఇన్నేండ్లూ ఆ పాపను వాళ్ళ నాయన పేరుతో పిలస్తా ఉండాను కదమ్మా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆటోలో వర్తూరు వచ్చి, మునిలక్ష్మి చెయ్యి పట్టుకుని గుంటలోకి దిగాడు. మారయ్య కూతురు చౌడవ్వ తెగిన చెరువు కట్టను నిలబెట్టి ప్రాణం విడిచిందని రాతి మీద రాసి ఉంది. బొమ్మ చేతిలో ఉన్నది పార. కాళ్ళ దగ్గర మట్టి తట్ట, దాని చుట్టూ చేపలు. ఒక్క అక్షరం దగ్గర ఇద్దరికీ వాదన వచ్చింది. ఆమె పట్టు వదల్లేదు. ఆయన మళ్ళీ వంగి, వేలితో తడిమి చూసి ఒప్పుకున్నాడు.

సన్మానం చూసుకుంటున్న కిరాణా కొట్టు తిరుపాలుకు ఇది మింగుడుపడలేదు. ఫ్లెక్సీలు కట్టేశామని, పిల్లలు మాటలన్నీ నేర్చేసుకున్నారని, ఫంక్షన్ అయినాక చెప్పుకుందామని బతిమాలాడు.

"తెలిసి తెలిసి తప్పు చెప్పమంటావా అప్పా?" అన్నాడు ఓబళప్ప.

తిరుపాలు తల గోక్కున్నాడు. ఆ తర్వాత తనే పోయి పిల్లలను పిలుచుకొచ్చాడు. ఆవు వేషం వెయ్యాల్సిన శ్రుతి చౌడవ్వ అయింది.

ఆదివారం కుర్చీలు హాల్లో కాకుండా రాయి చుట్టూ వేశారు. శాలువా కప్పాక ఓబళప్ప మైకు అందుకుని, ఈ రాయి గురించి తను రాసింది తప్పని, సరిగ్గా చదివిన మనిషి ఇక్కడే ఉందని చెప్పాడు. మైకు మునిలక్ష్మి చేతిలో పెట్టి, పిల్లల మధ్య చాప మీద చతికిలబడ్డాడు. ఆమె రాతి మీది వరసలు మొదట మెల్లగా చదివింది. చౌడవ్వ పేరు దగ్గరికొచ్చేసరికి ఆమె గొంతు వీధి చివరి దాకా వినబడింది. జనం చప్పట్లతో ఈలలతో హోరెత్తించారు.

నాటకంలో సగం మంది మాటలు మరిచిపోయారు. చెరువు కథలో ఆవులకు పని లేదు. అయినా కుట్టించుకున్న వేషాలు వదలడానికి పిల్లలు ఒప్పుకోలేదు. నీళ్ళు తాగడానికి వచ్చాయని సర్దుకున్నారు. ఓబళప్ప కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. వీధి మలుపులో ఆకుకూరలమ్మే చౌడమ్మ జనాన్ని తోసుకుని వచ్చి, తన పేరు ఎక్కడుందో చూపించమంది. మునిలక్ష్మి ఆమె వేలు పట్టుకుని అక్షరాల మీద నడిపించింది. వచ్చే ఆదివారం రాళ్ళు చూడటానికి తననూ పిలుచుకుపొమ్మని చౌడమ్మ మేష్ట్రును అడిగింది.

తర్వాత మునిలక్ష్మి వ్యాసం రాసి, ఇద్దరి పేర్లూ పెట్టి ఆయనకు పంపింది. ఆయన తన పేరు కొట్టేసి, 'ఓబళప్పగారి పాఠాన్ని పునఃపరిశీలించవచ్చు' అన్న చోట గీత గీసి, ఇంత మెత్తగా రాస్తే ఎవరు పట్టించుకుంటారని వెనక్కి పంపించాడు. ఆమె 'ఓబళప్ప పాఠం సరికాదు' అని మార్చింది. అచ్చయి వచ్చిన రోజు ఆయన వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఆ వాక్యం నంజమ్మకు గొంతెత్తి చదివి వినిపించాడు. ఆమె పోపు వేస్తూ సరిగా వినబడలేదంటే, మళ్ళీ మొదటినుంచీ చదివాడు.