మేస్త్రీ సరేనన్న కిటికీ

"సరేనమ్మా" అన్నాడు మేస్త్రీ. ఆ మాటతోనే ఆమెకు అనుమానం మొదలైంది.

పాత ఇల్లు కొని బాగుచేయిస్తున్న ఈ మూడు నెలల్లో ఆమె ఏం చెప్పినా అతను కాదనలేదు. బాత్రూము గొట్టానికి వాలు చాలదంటే సరే, చెమ్మ పట్టిన గోడకు పైపైన రంగు పూసి మాయ చెయ్యొద్దంటే సరే, మెట్ల పక్క గదికి పెద్ద కిటికీ పెట్టమంటే మరీ సరే. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆమె మాటకు ఎవరూ ఇంత తేలిగ్గా తలూపలేదు. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినా భర్త మళ్ళీ రుచి చూసిగానీ ఒప్పుకోడు. అలాంటిది మేస్త్రీ ఒప్పేసుకుంటాడా?

ఆ ఇంట్లో తనకోసం ఆమె అడిగింది ఆ ఒక్క గదే. ఆమె నర్సు. నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలు ఇప్పుడుంటున్న ఇంటి హాల్లో దివాను మీద పడుకుంటుంది. పక్కన టీవీ వాగుతూనే ఉంటుంది, కుక్కరు కూస్తుంది, బెల్లు మోగితే లేచి తలుపు తీసేదీ ఆమే. కంటినిండా నిద్రపోయిన పగలు ఒక్కటీ గుర్తులేదు. "కళ్ళు మూసుకుంటే ఎక్కడైనా చీకటే కదా, దానికో గది ఎందుకే?" అంది అత్తగారు. భర్త మాత్రం, "లోను వచ్చింది నీ జీతం మీద. పై వాటా అద్దెకిద్దాం, కింద నీ ఇష్టప్రకారమే కట్టించుకో" అన్నాడు. ఆ తీపి ఆమెకు అప్పుడే మింగుడుపడలేదు.

ఆ ఉదయం డ్యూటీ దిగి, చెప్పాపెట్టకుండా నేరుగా ఆ పాత ఇంటికే వెళ్ళింది. మెట్ల పక్క గదిలో మేస్త్రీ కిటికీ కోసం వదిలిన ఖాళీని ఇటుకలతో మూసేస్తున్నాడు. అప్పటికే సగం పైగా మూసేశాడు.

"ఏమిటిది?"

"సార్ చెప్పారమ్మా. పైన అద్దెకొచ్చేవాళ్ళకి సామాన్ల గదంట, ఈ గోడకి అరలు కట్టాలంట." తాపీ కింద పెట్టి, ఆమె మొహం చూడలేక మిగతాదీ కక్కేశాడు. "మొదటి రోజే చెప్పారమ్మా. ఆవిడ ఏం చెప్పినా సరేనను, చేసేది మాత్రం నన్నడిగి చెయ్యి అని."

ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. మూడు నెలలు నిద్ర మానుకుని, ఎండలో ఇసుక కుప్ప పక్కన నిలబడి చెప్పిందంతా ఇద్దరు మగవాళ్ళు ఫోనులో నవ్వుకోవడానికి పనికొచ్చిందన్నమాట. అంటే గొట్టం వాలు కూడా మారి ఉండదు. చెమ్మ గోడకు రంగు ఎప్పుడో పూసేసి ఉంటారు.

"ఆ ఇటుకలు తీసెయ్యండి."

మేస్త్రీ ఇబ్బందిగా భర్తకు ఫోను కలిపాడు. విషయం విన్న భర్త గొంతు బయటికే వినిపించింది, "ఫోను దానికివ్వు."

ఆమె అందుకోలేదు. చేతిసంచీ నేల మీద పెట్టి, పై వరసలో ఒక ఇటుకను రెండు చేతులా పట్టుకుని లాగింది. సిమెంటు ఇంకా తడారలేదు, ఇటుక ఊడి చేతికొచ్చింది.

"రెండోది మీరు తీస్తారా, నన్నే తియ్యమంటారా?" అని మేస్త్రీని అడిగింది.