కుడివైపు నొప్పి

స్పిరిట్‌ దూదితో పెంకు తుడిచి, సూదితో కాస్త తెల్లసొన లాగేసి, గుడ్డు పైభాగాన చిన్న కిటికీ కత్తిరించింది, ప్రయోగశాలలో అందరూ గుడ్ల పిన్ని అని పిలిచే ఆవిడ. కత్తెర మొన వెంట్రుకవాసి ఎక్కువ దిగినా లోపలి పిండం చస్తుంది. చూడటం అయ్యాక ఆ కిటికీని టేపుతో మూయాలి. అందుకని పొద్దున్నే టేపు ముక్కలు కోసి బల్ల అంచుకు వరసగా అతికించుకుంటుంది. తెరిచిన గుడ్డును అలాగే వదిలేసి ఆమె ఏనాడూ కుర్చీలోంచి లేవలేదు. పక్కగదిలో గాజుసామాను భళ్లున పగిలినా సరే, గుడ్డు మూసే కదిలేది.

ఈ ప్రయోగశాలలో చేరిన కొత్తలో మొగుడు పడీపడీ నవ్వాడు. "కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అంటే విన్నానుగానీ, దానికి జీతం కూడా ఇస్తారా?" అన్నాడు. బతికున్నన్నాళ్లూ వేళాకోళమే. పక్కమీద ఆమె గుండెల మీద ఎడమవైపు చెవి ఆనించి, "చప్పుడే లేదు. నీకసలు గుండె లేదే!" అనేవాడు. ఆమె తోసేసేది. అతను పోయాక ఆ మాట తలుచుకునే ఎక్కువ ఏడ్చింది.

మైక్రోస్కోపు కింద గుడ్డు పెట్టి వంగి చూసింది. మొదట్లో పిండానికి కుడీ ఎడమా ఒకటే, నిలువుగా మడిచిన కాగితంలా రెండు సగాలూ సమానం. తర్వాత నడిమి గీత దగ్గర కొన్ని కణాలు ఎడమకు ఒకింత జరుగుతాయి. ఆ ఒకింతతోనే ఏ పక్క ఏదో తేలిపోతుంది. నిటారుగా ఉన్న గుండె గొట్టం కుడికి వంగుతుంది. పొట్టా పేగులూ కాలేయమూ వాటి దారి అవి పడతాయి. గుండె ఎటు వంగిందో చూసి చెప్పడమే పిన్ని ఉద్యోగం. అప్పుడప్పుడు ఎడమకు వంగినవీ కనిపిస్తాయి. "అన్నీ కలిసి తిరగబడితే ఇబ్బంది లేదమ్మా, మామూలుగానే బతుకుతాయి. కొన్ని ఇటూ కొన్ని అటూ అయితేనే ముప్పు" అని పాత ప్రొఫెసరు ఎప్పుడో చెప్పాడు. ఇన్నేళ్లూ అది గుడ్ల సంగతే అనుకుంది.

నిన్న కూతురికి స్కాన్‌ తీసిన ఆవిడ, కడుపులో బిడ్డకు గుండె కుడివైపు ఉన్నట్టుందనీ, మిగతావి సరిగా కనబడటం లేదనీ చెప్పింది. ఇవాళ పెద్దాసుపత్రిలో మళ్లీ చూస్తున్నారు. గుండె ఒక్కటే తిరిగిందా, అన్నీ తిరిగాయా? తెల్లవారినప్పటినుంచి పిన్ని ప్రాణం ప్రాణంలో లేదు. ఫోను ఎదురుగా పెట్టుకుని, అది మోగకపోతే ఒక భయం, మోగితే ఒక భయం అన్నట్టు పని చేస్తోంది.

దానికి తోడు నొప్పి. పొద్దున నీళ్ల డబ్బా ఎత్తినప్పుడు రొమ్ములో కుడివైపు పట్టేసింది. ఇప్పుడది కుడి భుజంలోకి, మోచేతి దాకా పాకింది.

ఎదురుబల్ల దగ్గర రీసెర్చి చేసే అమ్మాయి తలెత్తింది. "పిన్నీ, ఏంటా చెమట? ఒంట్లో బాగోలేదా?"

"ఏం లేదే అమ్మడూ. బరువెత్తాను కదా, నరం పట్టింది. కుడివైపేలే. ఎడమైతే కదా భయం!"

"అమ్మయ్య, హడలగొట్టావు" అని ఆ పిల్ల నవ్వేసి, పక్కనున్న చల్లగదిలోకి వెళ్లి మందపాటి తలుపు వేసుకుంది. కుడి ఎడమల మీదే డాక్టరేటు చేస్తున్న పిల్ల. ఆమెకూ అనుమానం రాలేదు.

పిన్ని ఇంకో గుడ్డు తెరిచింది. ఎర్రటి చుక్క ఒకటి కొట్టుకుంటోంది. అంతలో ఫోను మోగింది. గబుక్కున ఎత్తింది.

"అమ్మా! అన్నీ తిరిగే ఉన్నాయంట! గుండె, పొట్ట, కాలేయం, అన్నీ! అద్దంలో చూసినట్టు ఉందంట. బిడ్డకేం ఫర్వాలేదన్నారు!" కూతురు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"నా తల్లే, నా బంగారమే..." అంది పిన్ని.

"ఇంకోటమ్మా. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా అని డాక్టరమ్మ అడిగింది. నువ్వు ఒక్కసారి ఎక్స్‌రే తీయించుకో."

"నాకెందుకే? ఏనాడైనా ఆసుపత్రి గడప తొక్కానా? నిన్ను కన్నది కూడా ఇంట్లోనే. నువ్వు వేళకి తిని పడుకో, అంతే."

ఫోను పెట్టేసి, బరువు దిగినట్టు ఎడమవైపు చెయ్యి వేసుకుంది. అక్కడ చప్పుడు లేదు. చెయ్యి కుడికి జరిపింది. గుండె అక్కడుంది, తడబడుతూ కొట్టుకుంటోంది. పిన్నికి నవ్వొచ్చింది. 'ఉంది మహానుభావా, నువ్వే ఇటు వెతకలేదు' అనుకుంది. ఆ నవ్వు పూర్తి కాకుండానే పొద్దుటి నొప్పి ఏమిటో తెలిసిపోయింది.

"అమ్మడూ" అని పిలిచింది. గొంతు చల్లగది తలుపు దాటలేదు. లేచి నాలుగడుగులు వేస్తే చాలు. కానీ మైక్రోస్కోపు కింద గుడ్డు తెరిచే ఉంది. మనవడో మనవరాలో పుట్టేదాకా బతకాలని ఆమెకు గట్టిగా ఉంది. ఇది మూసేసి వెళ్తాను, ఎంతసేపు, అనుకుంది. టేపు తీసి, అంచులు తిన్నగా కలిపి, బొటనవేలితో గాలి లేకుండా అదిమింది.

రీసెర్చి అమ్మాయి వచ్చేసరికి పిన్ని మోచేతి మీద తల వాల్చి ఉంది. పాపం, నిన్న నిద్రలేదేమో అనుకుని, చప్పుడు చేయకుండా గుడ్డు తీసి ఇంక్యుబేటర్లో పెట్టింది. "పిన్నీ, ఫోనొచ్చిందా?" అని మెల్లగా అడిగింది. భుజం కదిపితే తల పక్కకు జారింది. కంగారుగా ఎడమవైపు చెవి ఆనించింది. అప్పటికి ఎటువైపు ఆనించినా ఒకటే.

సాయంత్రానికి గది ఖాళీ అయింది. ఇంక్యుబేటర్‌ వెచ్చగా నడుస్తోంది. బల్ల అంచున మిగిలిన టేపు ముక్క ఒకటి ఏసీ గాలికి సన్నగా ఊగుతోంది.