అద్దాల గదిలో ఆగిపోయిన మాట

వాణిజ్య మహాసభలో కార్ఖానాల కుర్రకారుకు ఇచ్చేది మూడే నిమిషాలు. అదీ భోజనాలకు ముందు, సరుకు కొనే విదేశీ పెద్దల చూపులన్నీ తలుపు వైపు తిరిగే వేళ. పైగా ఏం మాట్లాడతారో ముందే రాసివ్వాలి. అధికారులు దిద్దిన కాగితం హాలు వెనక అద్దాల గదిలో కూర్చునే దుబాసీకి చేరుతుంది. పెద్దల చెవుల్లో పడేదీ, రికార్డుకెక్కేదీ ఆమె గొంతే.

దుబాసీది ఇరవై ఏళ్ల అనుభవం. ఆ అనుభవమే కొంప ముంచింది. కాగితం ఎదుట ఉండగా వినడం దేనికని, ఇయర్‌ఫోన్లలో శబ్దం తగ్గించుకుని, ముందే చేసుకున్న తర్జుమా గడగడా చదివేయడం ఆమె అలవాటు.

కిందటేడు గుడ్డలకు రంగులద్దే కార్ఖానా నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మొదటి నిమిషంలోనే కాగితం పక్కన పెట్టి సొంతంగా మాట్లాడింది. దుబాసీ చెవిలో ఆ మాటలు సన్నగా పడుతూనే ఉన్నాయి. ఆగి సరిదిద్దుకుంటే పరువు పోతుందని చివరిదాకా కాగితమే చదివింది. ఆ కాగితంలో ఉన్నవన్నీ పెద్దలకు కృతజ్ఞతలే. వాళ్లు సంతోషంగా చప్పట్లు కొట్టారు. అమ్మాయి పరుగున వచ్చి, "మీ చలవ అక్కా, అందరికీ అర్థమైంది," అంది. దుబాసీ తలూపింది. సిగ్గులేని తల!

అప్పట్నుంచీ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే చాలు, ఎవరూ నోరు విప్పకముందే ఆ గొంతు మొదలవుతుంది. సెట్టు మార్పించింది, చెవుల డాక్టరుకు చూపించుకుంది. ఎందులోనూ ఏ లోపమూ లేదు.

ఈ ఏడు ఆ అమ్మాయి కుర్చీలో చెల్లెలు కూర్చుంది. అచ్చం అదే గొంతు. దుబాసీ ఈసారి కాగితం బోర్లించి, శబ్దం పెంచుకుంది.

"పోయినేడు మా అక్క ఇక్కడే అన్నీ చెప్పింది. మీరు చప్పట్లు కొట్టారు. ఇంక కిటికీలు తెరుస్తారే అని ఇంటికొచ్చి మురిసిపోయింది. ఎవరూ తెరవలేదు. ఆ రంగు ఆవిరికే ఊపిరితిత్తులు పాడై ఈ వేసవిలో పోయింది. నేను కొత్తగా చెప్పేదేం లేదు. మిగిలిన టైమంతా ఊరుకుంటాను. అక్క మాటలు గుర్తు చేసుకోండి."

దుబాసీ ప్రతి మాటా ఉన్నదున్నట్టు చెప్పింది. పెద్దలు ముఖముఖాలు చూసుకున్నారు. విననిది ఎలా గుర్తొస్తుంది? ఆ మాటలు తెలిసింది ఇక్కడ ఒక్కరికే. చెబితే ఉద్యోగం ఈ పూటతో సరి. చెప్పకపోతే, చనిపోయిన పిల్ల అసలు మాట్లాడనే లేదన్నమాట.

"కిందటేడు ఆ అమ్మాయి చెప్పింది నేను మీకు చెప్పలేదు," అంది మైకులో, పెద్దల భాషలో. "ఇప్పుడు వినండి. అయ్యా, తడి గుడ్డ మీద దుమ్ము మచ్చ పడితే మీరు సరుకు వెనక్కి పంపేస్తారు. అందుకని మా కిటికీలకు మేకులు కొట్టారు. లోపల ఊపిరాడదు. కిటికీలు తెరిచి ఉంచే కార్ఖానాల సరుకే కొంటామని ఒప్పందంలో రాయండి..."

చివరి మాట దాకా చెప్పింది. చెవిలో గొంతు ఆగిపోయింది. పెద్దలు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి అద్దాల గదిని చూడసాగారు. ఇయర్‌ఫోన్లు లేని చెల్లెలు, ఏమైందో తెలియక, తనూ తిరిగి చూసింది.

పెద్దలకు చెప్పడం అయిపోయింది. ఇక తను చేసిన పని ఆ పిల్లకు, ఆ అక్కాచెల్లెళ్ల భాషలోనే చెప్పాలి.